ఆ గోడకు పలకలు, ఈ గోడకు డబ్బాలు

2019 జనవరి మాసంలో మేము నలభై రోజుల చిల్లా నిమిత్తం పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ దేశానికి వెళ్ళాము. హైదరాబాదు నుండి దుబాయి మీదుగా ప్రయాణం. జమాఅత్‌లో మొత్తం ఏడుగురం. వారిలో అరబ్బీ మాట్లాడగలిగినది మేమొక్కరమే కావడం వల్ల స్థానికులతో సంభాషించే బాధ్యత మాపై పడింది.

సెనెగల్ అట్లాంటిక్ మహాసముద్ర తీరాన ఉన్న దేశం. ప్రజల్లో నూటికి తొంభై అయిదు మంది వరకు ముస్లిములే. ప్రభుత్వ భాష ఫ్రెంచి. వీధుల్లో ఎక్కువగా వినబడేది వొలోఫ్. అక్కడివారు ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి ఫిఖ్‌హ్‌ను అనుసరిస్తారు. అందువల్ల చాలామంది నమాజులో చేతులు కట్టుకోకుండా వదిలి నిలబడతారు. అతిథి వచ్చాడంటే చేపలు, కూరగాయలతో వండిన అన్నం పెద్ద పళ్ళెంలో తెచ్చి మధ్యన పెడతారు. ఇంటివారూ అతిథులూ చుట్టూ కూర్చుని ఆ ఒక్క పళ్ళెంలోనే తింటారు. పేరైనా తెలియని మమ్మల్ని చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, మంచి ముక్కలు ఏరి మా ముందుకు జరిపిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం ఉన్నది. ఇకపై రాయబోయేది చదివి ఆ దేశప్రజలు దయలేనివారని పాఠకులు భావించకూడదు. దయగల ప్రజల మధ్యనే అది జరుగుతున్నది. నిజం చెప్పాలంటే, వారి దయను ఆధారం చేసుకునే అది నడుస్తున్నది.

రాజధాని డాకర్ నగరంలో మదీనా అనే పేట ఉన్నది. అక్కడ ఒక చిన్న మస్జిదులో మా బస. మొదటి రోజు ఫజ్ర్ నమాజు, తాలీమ్ ముగించుకుని మేము బయటికి వచ్చాము. ఆ కాలంలో సహారా ఎడారి వైపు నుండి వీచే గాలి ధూళిని మోసుకొస్తుంది. వీధంతా ఆ ధూళి మసకలో ఉన్నది. మస్జిదు మెట్ల కింద అయిదారుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఆరేళ్ళ వాడి నుండి పదేళ్ళ వాడి వరకు ఉంటారు. కాళ్ళకు చెప్పులు లేవు. పెద్దవారి చొక్కాలు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ప్రతి ఒక్కరి చేతిలోనూ టమాటా గుజ్జు అమ్మే పెద్ద రేకు డబ్బా ఒకటి, దానికి కట్టిన తాడు మెడలో. మమ్మల్ని చూడగానే డబ్బాలు ముందుకు చాపి "సరఖ్, సరఖ్" అన్నారు. సదఖా అనే మాటే వారి భాషలో సరఖ్ అయినది.

ఎవరీ పిల్లలని మస్జిదు దగ్గర ఉన్నవారిని అడిగాము. "తాలిబే" అన్నారు. తాలిబ్, అంటే విద్యార్థి. ఖుర్ఆన్ నేర్చుకునే పిల్లలని తెలియగానే మా మనస్సు ఆనందించింది. ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నవారము కదా! వారిలో ఎనిమిదేళ్ళ వాడిలా కనిపించిన ఒక బాలుణ్ణి దగ్గరకు పిలిచి, అల్‌ఫాతిహా సూరా వినిపించమని అడిగాము.

బాలుడు డబ్బాను మెడలోంచి తీసి రెండు పాదాల మధ్య పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చదవడం ప్రారంభించాడు. చక్కని గొంతు. అయితే మూడవ వాక్యం దగ్గర, మనమంతా "మాలికి" అని సాగదీసి చదివే పదాన్ని అతడు "మలికి" అని పొట్టిగా పలికాడు. అలవాటు కొద్దీ మా చేయి లేచింది. "మాలికి" అని సాగదీసి వినిపించాము. అతడు ఒక క్షణం మా ముఖంలోకి చూసి, మళ్ళీ పొట్టిగానే, ఈసారి ఇంకాస్త గట్టిగా పలికాడు. మేము మరలా దిద్దాము. ఇంతలో వెనుక నుండి మా ఆతిథేయులు వచ్చారు. ఆయన ఆ పేటలో అరబ్బీ పాఠశాల ఉపాధ్యాయులు. చిరునవ్వుతో, "షేఖ్, అతడు వర్ష్ రివాయత్ చదువుతున్నాడు" అన్నారు.

మేము సిగ్గుపడ్డాము. మన దేశంలో ఖుర్ఆన్‌ను ఇమామ్ ఆసిమ్ (రహ్మలై) గారి పఠన విధానంలో, వారి శిష్యులు హఫ్స్ ఉల్లేఖించిన ప్రకారం చదువుతాము. పశ్చిమాఫ్రికాలో ఇమామ్ నాఫె (రహ్మలై) గారి విధానాన్ని వారి శిష్యులు వర్ష్ ఉల్లేఖించిన ప్రకారం చదువుతారు. అందులో ఆ పదం పొట్టిగానే ఉంటుంది. రెండూ ప్రామాణికాలే. ఈ సంగతి మేము దీనీ విద్య అభ్యసించిన రోజుల్లోనే చదువుకున్నాము. చదివినది మరచి, తప్పులేని బాలుణ్ణి రెండుసార్లు దిద్దబోయాము.

ఆతిథేయులు వంగి ఆ బాలుణ్ణి వారి భాషలో ఏదో అడిగారు. బాలుడు తలవంచుకుని ఒక్క మాటలో జవాబిచ్చాడు.

"ఏమని అడిగారు?" అన్నాము.

"ఏమైనా తిన్నావా అని."

"ఏమన్నాడు?"

"నిన్న మధ్యాహ్నం తిన్నాడట."

ఆ ప్రశ్న మా నోటికి ఎందుకు రాలేదు? మా ఇంట్లో మనవడు నిద్ర లేచి వచ్చినా మేము మొదట అడిగేది అదే కదా! విద్యార్థి అనగానే పాఠం అడిగాము. అతడు పిల్లవాడన్న సంగతి మా మనస్సుకు తట్టలేదు. ఆ ఉదయం నుండి నేటి వరకు ఈ సంగతి మమ్మల్ని విడవలేదు.

వీధి చివర దుకాణంలో పొడవాటి రొట్టెలు కొని పిల్లలకు పంచాము. ఆ బాలుడు తన రొట్టెను విరిచి సగం తిన్నాడు, సగం డబ్బాలో దాచాడు. తనతో వచ్చిన చిన్న తమ్ముడు ఇంకో వీధిలో ఉన్నాడట. మేము ఇచ్చిన నాణెం మాత్రం డబ్బాలో వేయకుండా చొక్కా కొసలో ముడివేసుకున్నాడు. "రొట్టె అతనిది, నాణెం అతనిది కాదు" అన్నారు ఆతిథేయులు. సాయంత్రానికి గురువుగారికి అయిదు వందల సీఫా ఫ్రాంకులు అప్పగించాలి. అప్పటి లెక్కన మన డబ్బులో డెబ్భై రూపాయల లోపు. తక్కువైతే దెబ్బలు. భయపడి ఆ రాత్రి తిరిగి వెళ్ళకుండా వీధి అరుగుల మీదే పడుకునే పిల్లలూ ఉన్నారట. ఇతని ఊరు గాంబియా దేశానికి అవతల, దక్షిణాన ఉన్న కోల్దా ప్రాంతంలోని ఒక పల్లె. రెండేళ్ళ క్రితం తండ్రి ఖుర్ఆన్ నేర్పించమని అన్నదమ్ములిద్దరినీ గురువు చేతిలో పెట్టాడు. ఆనాటి నుండి తల్లిని చూడలేదు.

ఈ పద్ధతి ఎలా వచ్చిందో తరువాతి రోజుల్లో ఆతిథేయులు మాకు వివరించారు. అక్కడ ఖుర్ఆన్ పాఠశాలను "దారా" అంటారు, గురువును "సెరిఞ్" అంటారు. దారాలు ఆ దేశంలో శతాబ్దాలుగా ఉన్నాయి. ఫ్రెంచివారి పాలనలో కూడా ప్రజల నాలుకపై ఖుర్ఆన్ నిలిచిందంటే వాటి పుణ్యమే. పూర్వం అవి పల్లెల్లో ఉండేవి. వర్షకాలంలో విద్యార్థులు గురువుగారి పొలంలో పనిచేసేవారు, మిగిలిన కాలంలో చదువుకునేవారు. ఆ పంటే అందరికీ ఆహారం. మధ్యాహ్నం వేళ నాలుగు ఇళ్ళకు వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకోవడం ఉండేది గానీ, అది డబ్బు కోసం కాదు. అహంకారం తొలగి వినయం అలవడాలన్న ఉద్దేశంతో పెట్టిన నియమం. ఆ ఇళ్ళవారూ పిల్లలకు తెలిసినవారే.

1970వ దశకంలో ఆ ప్రాంతమంతటా తీవ్రమైన కరువులు వచ్చాయి. పొలాలు ఎండిపోయాయి. పల్లె ప్రజలు నగరాలకు తరలినట్లే గురువులూ పిల్లల్ని వెంటబెట్టుకుని తరలివచ్చారు. నగరంలో పొలం లేదు, తెలిసిన ఇళ్ళు లేవు, అద్దె మాత్రం ఉన్నది. అడిగేది అన్నం నుండి డబ్బుకు మారింది. డబ్బుకు రోజువారీ లెక్క ఏర్పడింది. లెక్కకు బెత్తం తోడైంది. కొన్నిచోట్ల డబ్బుతో పాటు బియ్యం, పంచదార కూడా ఇంతింత తేవాలని నియమం. ఈ మార్పులో కొందరు గురువులు నిస్సహాయులు. కొందరు మాత్రం దానిని వ్యాపారంగానే మార్చుకున్నారు. పొరుగున ఉన్న గినియా బిస్సావు వంటి దేశాల నుండి కూడా పిల్లల్ని తీసుకొస్తున్నారు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ప్రకారం సెనెగల్‌లో ఇలా భిక్షాటన చేయవలసివస్తున్న తాలిబేలు లక్షకు పైగా ఉన్నారు.

అక్కడ చట్టం లేకపోలేదు. ఇతరుల చేత భిక్షమెత్తించి లాభపడటం నేరమని, రెండు నుండి అయిదేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చునని 2005లోనే శాసనం చేశారు. మేము బస చేసిన మదీనా పేటలోనే 2013 మార్చిలో ఒక దారాకు రాత్రివేళ నిప్పంటుకున్నది. ఇరుకు గదిలో నిద్రిస్తున్న పిల్లల్లో కనీసం ఎనిమిది మంది మరణించారు. దేశమంతా దుఃఖించింది. 2016లో అధ్యక్షులు మాకీ సాల్ పిల్లలందరినీ వీధుల నుండి తరలించమని ఆదేశించారు. తరలించిన పిల్లల్లో చాలామంది కొంతకాలానికి తిరిగి అవే దారాలకు చేరారు. ఖుర్ఆన్ పేరు ముడిపడి ఉన్నచోట చట్టం చేయి వణుకుతుంది. గురువును తప్పుపడితే ధర్మాన్నే తప్పుపట్టినట్లవుతుందేమోనని ప్రజలు జంకుతారు.

ఒక మధ్యాహ్నం ఆతిథేయులు మమ్మల్ని డాకర్ శివారున ఉన్న పికిన్‌కు తీసుకువెళ్ళారు. కట్టడం సగంలో ఆగిపోయిన ఇల్లు. తలుపులు లేవు, కిటికీలు లేవు. ముప్పై మందికి పైగా పిల్లలకు ఒకే గది, నేలపై చిరిగిన చాపలు. ఒక గోడకు వరుసగా చెక్క పలకలు ఆనించి ఉన్నాయి. మసితో చేసిన సిరాతో వాటిపై ఆయత్‌లు రాసుకుని, కంఠస్థం అయ్యాక కడిగి మళ్ళీ రాస్తారు. వారి లిపిలో "ఫా" అక్షరానికి చుక్క కింద ఉంటుంది. ఆ పలకలను చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. తల తిప్పి చూస్తే, ఎదుటి గోడకు అంతే వరుసగా రేకు డబ్బాలు ఆనించి ఉన్నాయి. పలకలు ఎన్నో డబ్బాలు అన్ని.

సెరిఞ్‌కు నలభై ఏళ్ళుంటాయి. మర్యాదస్తులు. మమ్మల్ని తన చాపపై కూర్చోబెట్టి, మూడు విడతలుగా టీ కాచి ఇచ్చారు. అరబ్బీ కొంత వచ్చు. తానూ చిన్నతనంలో తాలిబేనే అని చెప్పారు. "నేను డబ్బా పట్టాను, ఖుర్ఆన్ నేర్చుకున్నాను. కష్టం లేనిదే విద్య రాదు. అడగడం వల్ల వినయం వస్తుంది" అన్నారు.

మేము సూటిగా అడిగాము: "మీ సొంత పిల్లలు కూడా డబ్బా పట్టుకుని వెళతారా?"

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "లేదు. వారు బడికి వెళతారు" అన్నారు.

మాకు లోలోపల గెలిచినట్లు అనిపించింది. దాచడం ఎందుకు? విద్య పేరిట పసివారిని వీధికి పంపే వ్యక్తిని మాటతో పట్టుకున్నామన్న గర్వం కలిగింది. ఆయన టీ పాత్రను నిప్పుల మీద మళ్ళీ పెడుతూ మామూలుగా అడిగారు: "మీ మద్రసా ఎలా నడుస్తుంది, షేఖ్?"

"చందాలతో" అన్నాము.

"వాటిని ఎవరు వసూలు చేస్తారు?"

"సఫీర్లు ఉంటారు. రమజాన్‌లో మాత్రం..." అని ఆగిపోయాము.

"రమజాన్‌లో?"

"విద్యార్థులు కూడా వెళతారు. రసీదు పుస్తకాలతో."

"వారి వయసెంత?"

"పన్నెండు, పదమూడు. ఒక్కోసారి పదేళ్ళవారు కూడా." మా గొంతు మాకే సరిగా వినబడలేదు.

ఆయన మరేమీ అనలేదు. మా గ్లాసులో టీ పోశారు. ఎత్తిపొడుపు లేదు, నవ్వు లేదు. ఆ మౌనం మాకు తగలవలసిన చోటనే తగిలింది.

తిరుగు దారిలో మనస్సు మా బాల్యంలోకి వెళ్ళింది. మేము పదేళ్ళ వయసులో మద్రసాలో చేరినప్పుడు అక్కడ వంటశాల లేదు. ఒక్కో విద్యార్థికి ఊరిలో ఒక్కో ఇల్లు భోజనానికి నిర్ణయించేవారు. రెండు పూటలా క్యారేజీ పట్టుకుని వెళ్ళి తెచ్చుకునేవారము. మొదటి ఏడాది మాకు నిర్ణయించిన ఇంట్లో క్యారేజీ గిన్నె తలుపు పక్కన అరుగు మీద పెట్టి ఉండేది. మాట ఉండేది కాదు. ఎవరి ముఖమూ కనిపించేది కాదు. మేము తీసుకుని వచ్చేవారము. రెండవ ఏడాది మరొక ఇల్లు. ఆ ఇంటి అమ్మీ మమ్మల్ని ఎన్నడూ గడప దగ్గర నిలబెట్టలేదు. "లోపలికి రా బేటా, చేతులు కడుక్కో" అని తన పిల్లల పక్కన కూర్చోబెట్టి వడ్డించేవారు. పండుగకు తన కొడుకులకు ఏ గుడ్డ తీస్తే మాకూ అదే గుడ్డ తీసేవారు. మేము మొదటి పారా కంఠస్థం చేసిన రోజున ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వినయం గురించి సెరిఞ్ చెప్పిన మాటను మేము ఈ రెండు ఇళ్ళతో తూచి చూసుకున్నాము. మొదటి ఇంటి గడప మాకు వినయం నేర్పలేదు, ముడుచుకుపోవడం నేర్పింది. మాకు ఏ కొంచెమైనా వినయం అబ్బితే అది రెండవ ఇంటి చాప మీద అబ్బింది.

ఇదంతా అనుభవించి కూడా, మేమే ఉపాధ్యాయులమై, పిల్లల చేతికి రసీదు పుస్తకాలు ఇచ్చి పంపాము. డాకర్‌లో జరిగేదానికీ దీనికీ తేడా లేదా అని పాఠకులు అడగవచ్చు. ఉన్నది. మేము లెక్క విధించలేదు, కొట్టలేదు, ఆకలితో పడుకోబెట్టలేదు. కానీ ఒక రమజాన్‌లో జరిగిన సంగతి గుర్తుకు వచ్చి ఆ తేడాలను చెప్పుకోవడానికి మనస్సు ఒప్పలేదు. మా విద్యార్థి ఒకడు, పదకొండేళ్ళవాడు, ఉపవాసంతో పక్క పట్టణంలో రోజంతా దుకాణాలు తిరిగి, బస్టాండులో బల్ల మీద నిద్రపోయాడు. నిద్రలో రసీదు పుస్తకం పోయింది. రాత్రి తరావీహ్ వేళకు మద్రసాకు వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. "హజ్రత్, పుస్తకం పోయింది" అని ఏడ్చాడు. మేము ఏమడిగామో తెలుసా? "ఎన్ని రసీదులు చింపావు?" అని అడిగాము. ఇఫ్తార్ చేశావా అని అడగలేదు. డాకర్ మస్జిదు మెట్ల దగ్గర మా నోటికి రాని ప్రశ్న అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మా గేటు దగ్గరా రాలేదు.

ఆ రాత్రి మాకు హజ్రత్ అబూ హురైరా (రజి) గారి పాల గిన్నె సంఘటన పదే పదే జ్ఞాపకం వచ్చింది. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని మేము ఎన్నోసార్లు తరగతిలో బోధించాము. హజ్రత్ అబూ హురైరా (రజి) మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగుపై ఉంటూ విద్య అభ్యసించిన నిరుపేదల్లో ఒకరు. ఒకనాడు ఆకలి బాధ భరించలేక దారిలో కూర్చున్నారు. చేయి చాపలేదు. అటు వచ్చిన హజ్రత్ అబూ బక్ర్ (రజి) గారిని ఒక ఆయత్ గురించి అడిగారు. తన ముఖం చూసి ఇంటికి పిలుస్తారేమోనని ఆశ. వారు జవాబు చెప్పి వెళ్ళిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు. అలాగే జరిగింది. తరువాత దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వచ్చారు. ముఖం చూడగానే విషయం గ్రహించి, చిరునవ్వు నవ్వి, వెంట రమ్మన్నారు. ఇంట్లో కానుకగా వచ్చిన పాలు కొద్దిగా ఉన్నాయి. సుఫ్ఫా వారందరినీ పిలుచుకు రమ్మన్నారు. అంతమంది తాగితే తనకేమి మిగులుతుందని హజ్రత్ అబూ హురైరా (రజి) మనస్సులో అనుకున్నారు. అయినా పిలుచుకొచ్చారు. ఒక్కొక్కరే కడుపునిండా తాగారు. ఆపైన ప్రవక్త (సఅసం) ఆయనను తాగమన్నారు. ఇంకా తాగమన్నారు. ఇక చోటు లేదని ఆయన చెప్పేవరకు తాగించారు. అందరి తరువాత, మిగిలిన పాలను దైవప్రవక్త (సఅసం) తాగారు.

ఈ హదీసును మేము శుభానికి, మహిమకు ఉదాహరణగా బోధించేవారము. డాకర్‌లో ఆ రాత్రి అందులో మరో రెండు సంగతులు కనిపించాయి. విద్యార్థి అడిగింది ఆయత్ గురించి. గురువు విన్నది అతని ఆకలిని. అందరికన్నా చివర తాగినవారు గురువు. దారాలో ఆ వరుస తలక్రిందులైంది. విద్యార్థి తెచ్చినది ముందు గురువుకు చేరుతుంది, మిగిలితే విద్యార్థికి. బఖరా సూరా 273వ ఆయత్‌లో అల్లాహ్ తన మార్గంలో నిమగ్నులై సంపాదనకు తిరగలేని పేదలను ప్రస్తావించాడు. వారు ప్రజలను పీడించి అడగరు గనుక తెలియనివాడు వారిని కలిగినవారిగా భావిస్తాడని, వారి ముఖ లక్షణాలను బట్టి వారిని గుర్తించవచ్చునని తెలిపాడు. ఆ ఆయత్ సుఫ్ఫా వారికి వర్తిస్తుందని వ్యాఖ్యాతలు రాశారు. అంటే విద్యార్థి అవసరాన్ని గుర్తించడం సమాజం పని. దానిని వీధిలో ప్రకటించుకోవడం విద్యార్థి పని కాదు.

డాకర్‌లో మేము చూసింది దుఃఖమొక్కటే కాదు. "ఎన్‌దేయి దారా" అనే ఆచారం కూడా చూశాము. దారాకు తల్లి అని దాని అర్థం. పేటలోని ఒక గృహిణి ఒక తాలిబేను తన కొడుకుగా స్వీకరిస్తుంది. అతని బట్టలు ఉతుకుతుంది, స్నానం చేయిస్తుంది, తన ఇంటి పళ్ళెంలో అతనికి చోటు ఇస్తుంది, జ్వరమొస్తే మందు ఇప్పిస్తుంది. ఇటువంటి తల్లులు కలసి ఒక దారా పిల్లలందరినీ పంచుకున్న చోట డబ్బాల అవసరం తగ్గిపోతుంది. మా ఆతిథేయుల శ్రీమతి కూడా ఇద్దరు పిల్లలకు అటువంటి తల్లే. పిల్లల చేత అసలే భిక్షమెత్తించని గురువులూ, ఖుర్ఆన్‌తో పాటు లెక్కలు, భాషలు నేర్పే దారాలూ ఉన్నాయి. కాబట్టి దోషం దారాది కాదు, డబ్బాది.

ఇచ్చేవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. కలలు, కష్టాలు చెప్పుకుని సలహా అడిగితే, ఫలానా రోజున పంచదార బిళ్ళలు, కొవ్వొత్తులు దానం చేయమని సూచించేవారు అక్కడ ఉన్నారు. ఉదయాన్నే కారు ఆపి, తాలిబే డబ్బాలో ఆ బిళ్ళలు వేసి వెళ్ళే మనుషుల్ని మేము చూశాము. వారికి తమ దానం నెరవేరడం ముఖ్యం. ఆ పంచదార బిళ్ళతో పిల్లవాడు ఏమి చేస్తాడన్నది వారు ఆలోచించరు. ఆ దేశపు రచయిత్రి అమినతా సో ఫాల్ 1979లో దీనిమీదే ఒక నవల రాశారని ఆతిథేయులు చెప్పారు. అందులో బిచ్చగాళ్ళు సమ్మె చేస్తారు. దానం చేస్తే గానీ కోరిక తీరదనుకునే పెద్దమనుషులు తీసుకునేవారు లేక గిలగిలలాడతారు. వినడానికి నవ్వు వస్తుంది. కానీ రమజాన్‌లో గుమ్మం ముందుకు వచ్చిన పసివాడి చేతిలో పది రూపాయలు పెట్టి, రసీదు తీసుకుని, తలుపు వేసుకునే మనకు ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

మార్చి నెలలో స్వదేశానికి తిరిగి వచ్చాము. షాబాన్ నెలలో జరిగిన మద్రసా కమిటీ సమావేశంలో, ఇకపై విద్యార్థులను చందాలకు గానీ, బక్రీదు చర్మాలకు గానీ పంపవద్దని ప్రతిపాదించాము. వాదన చాలాసేపు సాగింది. "పిల్లవాడు అడిగితే ఇచ్చేవారు పెద్దవాడు అడిగితే ఇవ్వరు" అన్నారు ఒక పెద్ద. ఆ మాట నిజమే. మా ప్రతిపాదనకు కారణం కూడా అదేనని చెప్పాము. పిల్లవాడి ముఖాన్ని మనం ఖర్చు పెడుతున్నాము. చివరకు ఒక ఏడాది చూద్దామన్న షరతుతో అంగీకరించారు.

ఆ రమజాన్‌లో చందా బాగా తగ్గింది. ఉపాధ్యాయులమైన మా జీతాలు రెండు నెలలు ఆలస్యమయ్యాయి. మా ఇంట్లో సర్దుకోవడం సులభం కాలేదు. అప్పుడు మా శ్రీమతి ఒక మాట అన్నారు: "మీ హదీసులో గురువే చివర తాగారు కదా, మీకు ఆలస్యమైతే తప్పేమిటి?" అని ఊరుకోలేదు. వీధిలోని స్త్రీలను కూడగట్టి, పూర్వం మన ఇళ్ళల్లో ఉండిన ముఠ్ఠీ చావల్ పద్ధతిని మళ్ళీ మొదలుపెట్టారు. పూటపూటా బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరున కమిటీ సభ్యులు, అంటే పెద్దవారు, ఆటో తీసుకుని ఇంటింటికీ వెళ్ళి సేకరిస్తారు. డబ్బా ఇంటి వంటగదిలో ఉంటుంది, పిల్లవాడి మెడలో ఉండదు. మరుసటి ఏడాది రమజాన్ లాక్‌డౌన్‌లో వచ్చినప్పుడు ఊరూరా చందా వసూళ్ళు ఆగిపోయాయి. మా వంటశాల మాత్రం ఆ పిడికిళ్ళ మీద నిలబడింది. అల్‌హమ్దులిల్లాహ్.

సోదర సోదరీమణులారా! ఇది మా ఒక్క మద్రసా సంగతి మాత్రమే. ఇతర మద్రసాల కష్టాలు మాకు తెలుసు, వాటిని నడిపేవారిని నిందించే అర్హత మాకు లేదు. మీకు మా విన్నపం ఒక్కటే. రసీదు పుస్తకం పట్టుకుని ఒక పసివాడు మీ గుమ్మానికి వస్తే తలుపు వేయకండి. నాణెం పెట్టి పంపేయకండి కూడా. ముందు లోపలికి పిలవండి, మంచినీళ్ళు ఇవ్వండి, ఏమైనా తిన్నావా బేటా అని అడగండి. ఆ తరువాత అతని మద్రసా పేరు, పెద్దల ఫోను నంబరు తీసుకుని, ఇవ్వదలచినది నేరుగా వారికే పంపండి. పిల్లవాణ్ణి పంపవద్దని మర్యాదగా చెప్పండి. వీలైతే ఆ మద్రసాలో ఒక్క విద్యార్థికి తల్లీతండ్రీ అవ్వండి.

డాకర్‌లో చిల్లా ముగిసే లోపు ఆ బాలుణ్ణి మేము మరో మూడుసార్లు చూశాము. చివరిసారి అతడు తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చాడు. ఆతిథేయుల ఇంట్లో ఇద్దరూ పళ్ళెం చుట్టూ మా పక్కనే కూర్చుని తిన్నారు. భోజనమయ్యాక అతడు తనంతట తానే అల్‌ఫాతిహా వినిపించాడు. "మలికి" దగ్గర ఆగి, దిద్దుతామేమోనని మా వైపు చూశాడు. మేము తల ఊపి, అతనిలాగే పొట్టిగా పలికాము.

అల్లాహ్ ఆ పిల్లలను తమ తల్లుల ఒడికి చేర్చుగాక. తన గ్రంథాన్ని నేర్చుకునే ఏ పసివాడూ ఆకలితో చేయి చాపని రోజును మనకు చూపించుగాక. పాఠం అడిగే ముందు ఆకలి అడిగే గురువులుగా మమ్మల్ని తీర్చిదిద్దుగాక. ఆమీన్.